పుస్తకంలో బతికున్న ఓలవి

హెల్సింకీలో ట్రాము కింద పడి చచ్చిపోయిన ఆ మనిషి, అంతకు ముప్ఫయ్యేళ్ళ క్రితమే ఒకసారి చచ్చిపోయాడు.

ఆ సంగతి శవాన్ని గుర్తుపట్టడానికి వచ్చిన ముసలాయన వల్ల బయటపడింది. జేబులో దొరికిన గుర్తింపు కార్డు మీది పేరు, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు అన్నీ ఆయన తమ్ముడివే. "కానీ మా తమ్ముడు ఏడాది పిల్లాడప్పుడే కోరింత దగ్గుతో పోయాడండీ. పెట్టె మా నాన్నే చేశాడు. రొట్టెల పెట్టంత ఉంది," అని ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

పోలీసులు శవం చేతి గడియారం విప్పి చూశారు. లోపల ముళ్ళు తిప్పే యంత్రం లేదు. కెమెరా ఉంది.

మర్నాడు పొద్దున్నే ఇల్మో సాల్మెలాకి పిలుపు వచ్చింది. గూఢచారి సర్వీసులో అతని కోడ్ పేరు 'తోడేలు'. మూడు రాయబార కార్యాలయాల్లో మూడు వేషాలు వేసి, ఒక్కచోటా దొరక్కుండా బయటపడ్డ ఏజెంటు. కల్నల్ ఫోర్స్‌మన్ అతన్ని కూర్చోమనలేదు. కాఫీ మాత్రం పోశాడు.

"తూర్పు పొరుగుదేశంవాడు మనుషుల్ని తయారుచేస్తున్నాడు, సాల్మెలా. ముడిసరుకు మాత్రం మనదే."

"ఏమిటా ముడిసరుకు?"

"పేర్లు."

కల్నల్ గోడ మీది పటంలో సరిహద్దుకి అవతలి ముక్కని వేలితో చూపించాడు. యుద్ధంలో వాళ్ళకి పోయిన నేల అది. ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేసి బళ్ళ మీదా రైళ్ళ మీదా జనం ఇటు వచ్చేశారు. వాళ్ళ చర్చి పుస్తకాలు కూడా వచ్చాయి. ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎప్పుడు పోయారో రాసిన ఆ పుస్తకాలు ఇప్పుడు ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

"అక్కడ పుట్టి, దారిలో పోయిన పిల్లలున్నారు. ఏ స్టేషన్ పక్కనో పూడ్చేసి ఉంటారు. ఆ మంచులో, ఆ తొక్కిసలాటలో సొంత ఊరి పుస్తకంలో చావు రాసిందెవరు? పుస్తకం ప్రకారం వాళ్ళు బతికే ఉన్నారు. ఆ పేజీకి నకలు తీసుకుంటే కార్డు వస్తుంది. కార్డు ఉన్నవాడు ఫిన్‌లాండ్ పౌరుడు. పడవెక్కి స్వీడన్‌లో దిగితే పాస్‌పోర్టు అడిగేవాడు కూడా లేడు."

"ఆ పుస్తకాలు తిరగేస్తున్నదెవరు?"

"లియోనోరా ఎక్‌మన్. స్టాక్‌హోం నుంచి వచ్చాననీ, పెద్దింటివాళ్ళకి వంశవృక్షాలు రాసిపెడతాననీ చెబుతుంది. వాళ్ళ మనిషి."

"పట్టుకుందామా?"

"వద్దు. మన మనిషి కూడా."

ఇల్మో కాఫీ కప్పు కింద పెట్టాడు.

"ఈసారి వాళ్ళకి పేరు మనమే ఇస్తాం," అన్నాడు కల్నల్. "చావు రాయని పేరు, వాళ్ళు ఎగిరి గంతేసే పేరు. ఆ పేరుతో ఎవడు తిరిగినా వాడే మన చేప. ఆర్కైవ్స్‌కి వెళ్ళు. ఎర పట్టుకురా."

*

రీడింగ్ రూమ్‌లో ఇల్మో పేరు మాస్టారు రూబెన్ ఆల్హో. మంచు మీద గుర్రాలు లాగే స్లెడ్జ్ బళ్ళ చరిత్ర మీద పుస్తకం రాసుకునే పల్లెటూరి మాస్టారు. పవరు లేని కళ్ళద్దాలు, జిగురుతో అంటించిన గడ్డం, జేబులో ఫొటోలు తీసే పెన్ను. చీటీ రాసి కౌంటర్లో ఇస్తే కాసేపటికి చక్రాల బండి కీచుమంటూ వస్తుంది. దాని మీద తోలు అట్టల పుస్తకాలు, దారంతో కట్టిన కాగితాల కట్టలు ఉంటాయి. ఇంటికి తీసుకెళ్ళడానికి లేదు. అక్కడే చదువుకుని అక్కడే తిరిగి ఇచ్చెయ్యాలి.

కిటికీ పక్క బల్ల దగ్గర లియోనోరా కూర్చునేది. నక్కతోలు కాలరు, ఎర్రటి గోళ్ళు, పేజీ తిప్పితే చప్పుడు రాని వేళ్ళు. రికార్డులు చదువుకోడానికి వచ్చిన మగవాళ్ళంతా ఆమెని చదువుకుంటూ ఉండేవారు.

ఇల్మో పక్క బల్ల దగ్గరకి ప్రతి గురువారం ఒక పెద్దావిడ వచ్చేది. ఊలు తలగుడ్డ, లాండ్రీలో వేడినీళ్ళకి వాచి గట్టిపడ్డ చేతులు. ఆమె పేరు హిల్మా కోర్పెలా. ముందు వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చేది. ఎప్పుడూ ఒకటే పుస్తకం అడిగేది. హర్లువారా అనే ఊరి చర్చి పుస్తకం. ఒకటే పేజీ తెరిచేది. చదివేది కాదు, ఊరికే దాని దగ్గర కూర్చునేది.

రెండో గురువారం ఆమే పలకరించింది.

"మాస్టారూ, ఎప్పుడు చూసినా గుర్రాలేనా? మనుషులు పనికిరారా మీకు?"

"గుర్రాలు ఎదురు ప్రశ్నలు వెయ్యవు, పిన్నీ."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత పుస్తకాన్ని కొంచెం అతని వైపు జరిపింది.

"ఇదిగో వీడు మా ఓలవి. రెండేళ్ళు కూడా నిండలేదు. రైల్లో జ్వరం వచ్చింది. పెట్టెలో పొయ్యి లేదు. నా కోటు లోపల పెట్టుకున్నాను. ఏదో స్టేషన్లో నర్సమ్మ వచ్చి, ఇలా ఇవ్వమ్మా, చిన్నది కడుపులో ఉన్నట్టుంది, దాన్నైనా దక్కించుకో అంది. ఇచ్చేశాను. రైలు కదిలింది. కడుపులోదీ దక్కలేదు." ఆమె వేలు పేజీకి తగలకుండా గాల్లో ఆగింది. "తర్వాత ఇక్కడివాళ్ళు అడిగారు, చావు రాసేద్దామా అని. వద్దన్నాను. వాడి అన్నల పేర్ల పక్కనా, మా ఆయన పేరు పక్కనా సిలువ గుర్తులున్నాయి చూడండి. వీడి పక్కన లేదు. ఒక్కచోటన్నా ఉండనీ అనిపించింది."

"మీ ఇల్లు ఎలా ఉండేది, పిన్నీ?" అని ఇల్మో అడిగాడు. అడగాల్సిన ప్రశ్న అది.

ఆమె చెప్పింది. చెరువు ఒడ్డు, ఆవిరి స్నానాల గది, ఎర్ర మచ్చల ఆవు, దాని పేరు ముస్టిక్కి. ముప్ఫయ్యేళ్ళుగా ఎవరూ అడగని సంగతులు కావడంతో వరస తప్పకుండా అన్నీ చెప్పింది.

ఆ సాయంత్రం ఇల్మో రిపోర్టు రాశాడు. 'ఓలవి కోర్పెలా. చావు నమోదు లేదు. తండ్రి, అన్నలు లేరు. తల్లి ఉంది, నమోదుకి ఒప్పుకోదు.' కింద ఇంటి వివరాలు, ఆవు పేరు. ఆవు పేరు దగ్గర పెన్ను ఒక్క క్షణం ఆగింది. మంచి ఏజెంటు వివరాలు వదలడు. రాసేశాడు.

శుక్రవారం కేటలాగు సొరుగుల దగ్గర లియోనోరా అతని పక్కన నిలబడింది.

"ఈ ఊళ్ళో మంచు ఎప్పుడు కరుగుతుందండీ, మాస్టారూ?"

"పెళ్ళికూతురు నవ్వినప్పుడు."

కోడ్ సరిపోయింది. కాగితం చేతులు మారింది. ఆమె దాన్ని చదివి, మొదటిసారి అతని ముఖంలోకి చూసింది.

"పక్కసీటు ముసలమ్మ కొడుకా? అబ్బ, ఏం మనిషివయ్యా! నేనే పాపిష్టిదాన్ననుకున్నాను ఇన్నాళ్ళూ."

ఇల్మో సొరుగు మూసేశాడు.

ఆ తర్వాత అతనికి అక్కడ పని లేదు. కానీ వేషం హఠాత్తుగా మాయమైతే అనుమానం వస్తుందని, ఇంకొన్నాళ్ళు వెళ్తూ ఉండమన్నాడు కల్నల్. ప్రతి గురువారం హిల్మా కోటు జేబులోంచి గుడ్డలో చుట్టిన వెచ్చటి రొట్టె ముక్కలు తీసి, బయట మెట్ల దగ్గర అతని చేతిలో పెట్టేది. "తినండి మాస్టారూ. గడ్డం ఉంది గానీ దాని వెనక బుగ్గల్లేవు మీకు." అతను తినేవాడు. రాయబార కార్యాలయాల్లో విషం ఉందేమోనన్న అనుమానంతో తిన్న భోజనాలు కూడా అంత కష్టంగా దిగలేదు.

*

నవంబరు చివరి గురువారం. మూడింటికే చీకటి పడుతోంది. కోట్లు తగిలించే చోట లియోనోరా చేతితొడుగులు వేసుకుంటూ, అతని వైపు చూడకుండా అంది:

"ఇవాళ సాయంత్రం స్టాక్‌హోం పడవలో వాళ్ళ మనిషి వెళ్తున్నాడు. మన తీరం మీది రాడార్ల ఫొటోలన్నీ వాడి దగ్గరే ఉన్నాయి. పేరు నువ్విచ్చిందే."

"వచ్చే వారం కదా వెళ్ళాల్సింది?"

"తొందరపడుతున్నారు. నన్ను కూడా నమ్మడం మానేసినట్టున్నారు. వస్తాను మాస్టారూ. మీ గుర్రాలకి నా దండాలు."

ఇల్మో వీధిలోని ఫోను డబ్బాలోకి దూరాడు. కల్నల్ గొంతు బొంగురుపోయి ఉంది.

"ప్రాసిక్యూటరు ఒప్పుకోవడం లేదు. ఓలవి కోర్పెలా పుస్తకంలో బతికే ఉన్నాడట. బతికున్న పౌరుణ్ణి, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నవాణ్ణి, పేరు చూసి ఆపి సోదా చెయ్యడానికి చట్టం లేదట. పొరపాటైతే పొరుగువాడు నెత్తికెక్కుతాడని ప్రాసిక్యూటరు భయం. పడవెక్కేవాడు ఓలవి కాదని చెప్పగలిగింది భూమ్మీద ఒక్కతే. తల్లి. తీసుకురా."

"ఏం చెప్పి తీసుకురమ్మంటారు?"

"నీ కొడుకు పోయాడని అందరిముందూ చెబుదువుగాని రామ్మా అంటే వస్తుందా? ఇన్నేళ్ళు ఆ మాట రాయనివ్వని మనిషి! ఇంకేదన్నా చెప్పు. నీకు నేర్పాలా?"

నేర్పక్కర్లేదు. రీడింగ్ రూమ్‌లోకి తిరిగి వెళ్ళేసరికి ఆ అబద్ధం తయారై ఉంది. హిల్మా పుస్తకం ముందు కూర్చుని ఉంది. ఇల్మో వంగి, ఆమె చెవి దగ్గర నెమ్మదిగా చెప్పాడు.

"పిన్నీ... రేవులో ఒక మనిషి ఉన్నాడు. పేరు ఓలవి కోర్పెలా. హర్లువారాలో పుట్టాడట. ఒకవేళ ఆ నర్సు... బిడ్డ బతికాడేమో పిన్నీ. పడవెక్కబోతున్నాడు. త్వరగా వెళ్తే చూడొచ్చు."

హిల్మా అతని ముఖం కేసి చాలాసేపు చూసింది. పుస్తకం మూసి, రెండు చేతులతో తీసుకెళ్ళి కౌంటర్లో ఇచ్చి, కోటు వేసుకుంది.

కారు రేవు వైపు పరుగెడుతుంటే ఒక్కటే అడిగింది.

"పొడుగ్గా ఉన్నాడా?"

ఇల్మో ఇంతవరకూ వాణ్ణి చూడలేదు.

"ఉన్నాడు పిన్నీ. పొడుగ్గానే ఉన్నాడు."

ఆమె అద్దంలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. ఇల్మో స్టీరింగ్ మీద తన చేతులు చూసుకున్నాడు. అవి వణకడం లేదు. అందుకు అతనికి తన మీద అసహ్యం వేసింది.

*

పడవ దీపాలు నీళ్ళ మీద ఊగుతున్నాయి. కస్టమ్స్ అధికారి యూనిఫారంలో కల్నల్ ఫోర్స్‌మన్ వరస చివర నిలబడ్డాడు. వరసలో ముప్ఫై దాటిన మనిషి, నీలం ఊలు టోపీ, భుజాన సంచి, చంకలో కాగితంలో చుట్టిన చేపల రొట్టె. చేపలు లోపల పెట్టి పొయ్యిలో కాల్చే పెద్ద గుండ్రటి రై రొట్టె, తూర్పువాళ్ళు ప్రయాణానికి కట్టుకెళ్ళేది. వాడు పొట్టిగా ఉన్నాడు.

"ఓలవి కోర్పెలా గారేనా? ఈవిడ మీకు తెలుసా?" అన్నాడు ఇల్మో.

వాడు తడబడాలి. ఆవిడ "వీడు కాదు" అనాలి. పథకం అంతే.

వాడు తడబడలేదు. హిల్మాని చూశాడు. సంచి కింద పడేశాడు. కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి.

"అమ్మా!"

వాడు ఆమెని గట్టిగా కావలించుకున్నాడు. "అమ్మా, అనాథాశ్రమంలో పెంచారు నన్ను. నువ్వు పోయావని చెప్పారు. నాకన్నీ గుర్తే అమ్మా. చెరువు గట్టు, ఆవిరి గది, మన ఎర్ర మచ్చల ఆవు ముస్టిక్కి..."

ఆవు పేరు అతని రిపోర్టులోది. కాగితం అందుకున్నది ఒక్కతే. తల్లి ఎదురుపడితే ఏం చెయ్యాలో కూడా వాడికి నేర్పి పంపింది. తలెత్తి చూశాడు. పడవ పైఅంతస్తులో నక్కతోలు కాలరు, వేళ్ళ మధ్య సిగరెట్టు. లియోనోరా కొద్దిగా తల వంచి పలకరించింది. ఇద్దరికీ అమ్మింది. ఇద్దరికీ నిజాయితీగానే అమ్మింది.

వరసలో జనం కదలడం మానేశారు. ఒకామె కళ్ళు తుడుచుకుంది.

హిల్మా వాడి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. చూసింది. ఇల్మో వైపు ఒకసారి చూసింది. అతను తల దించుకున్నాడు.

"అవును," అంది హిల్మా గట్టిగా. "వీడు నా కొడుకే."

కల్నల్ ముఖం పాలిపోయింది. కౌంటర్లో అసలు కస్టమ్స్ మనిషి ముక్కు చీదుకుని, "అయితే ఇంకేం, వెళ్ళొచ్చు," అన్నాడు. పడవ కూత వేసింది.

"వెళ్ళొస్తానమ్మా. వచ్చే వారం వచ్చేస్తా. నీ దగ్గరే ఉంటా," అని వాడు సంచి అందుకున్నాడు.

"ఎక్కడికి నాయనా?" హిల్మా వాడి మణికట్టు పట్టుకుంది. "ఇన్నేళ్ళకి దొరికావు. ఇంటికి పోదాం పద. పొయ్యి మీద బఠాణీ సూప్ ఉంది."

"పని ఉందమ్మా. పడవ పోతుంది."

"పోనీ. రేపు ఇంకో పడవ రాదూ?"

"వస్తుంది, వస్తుంది!" అంది కళ్ళు తుడుచుకున్నామె.

"ఏమయ్యా, తల్లికంటే స్టాక్‌హోం ఎక్కువా నీకు?" అన్నాడు వెనక నుంచి ఒక లారీ డ్రైవరు. "నాకైతే ఆ సూప్ చాలు, టికెట్టు చింపేస్తా."

"వదులమ్మా." వాడి గొంతులో తడి ఆరిపోయింది. కళ్ళు మాటిమాటికీ పడవెక్కే వంతెన వైపు పోతున్నాయి. పనివాళ్ళు గొలుసులు విప్పుతున్నారు.

ముప్ఫయ్యేళ్ళు తడి దుప్పట్లు పిండిన చెయ్యి అది. వదల్లేదు.

వాడు ఏదో తిట్టాడు. ఆ మాట ఫిన్నిష్ కాదు. చేతిని మెలితిప్పి ఆమెని తోసేశాడు. హిల్మా రాళ్ళ మీద పడింది. చంకలో రొట్టె జారి నేలకి కొట్టుకుని పగిలింది. చేపల మధ్యనుంచి ఫిల్ము చుట్ట పట్టేంత చిన్న లోహపు గొట్టం ఒకటి బయటపడి, టింగుమంటూ దొర్లింది. వాడు దాన్ని అందుకుని పరుగెత్తాడు.

వంతెన అంచు రేవు విడిచి లేచింది. వాడు ఎగిరాడు. ఇల్మో వెనకనుంచి ఎగిరి వాడి కాలు అందుకున్నాడు. ఇద్దరూ కలిసి రేవు అంచు మీద పడ్డారు. కింద నల్లటి నీళ్ళు. గొట్టం వాడి చేతిలోంచి జారింది. ఇంకొక జానెడు దొర్లితే సముద్రం పాలే. లారీ డ్రైవరు బూటు దాని మీద పడింది.

"ఇది చేప ముల్లు కాదే!" అన్నాడు డ్రైవరు వంగి చూస్తూ.

ఒక పెద్దావిణ్ణి అందరూ చూస్తుండగా తోసి పడేసినవాణ్ణి సోదా చెయ్యడానికి ఏ ప్రాసిక్యూటరూ అడ్డు చెప్పలేదు. పడవ కదిలిపోయింది. పైఅంతస్తులో సిగరెట్టు నిప్పు కాసేపు కనబడి, చీకట్లో కలిసింది.

ఇల్మో పరుగున వచ్చి హిల్మా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె మణికట్టు వంకరగా వేలాడుతోంది. అతని గడ్డం సగం ఊడి ఉంది.

"పిన్నీ..."

"నా బిడ్డ నా కోటు లోపలే చల్లబడ్డాడు," అంది ఆమె, నొప్పికి పళ్ళు బిగించి. "నర్సమ్మకి ఇచ్చేముందే. నాకు తెలియదా? రెండేళ్ళ పిల్లాడికి ఆవు పేరు గుర్తుందట!"

"మరి ఎందుకొచ్చారు?"

"నువ్వు చెప్పినప్పుడు నీ ముఖం చూశాను. ఎవరికో ఏదో ముంచుకొచ్చిందని అర్థమైంది. వాణ్ణి ఆపాలి కాబోలనుకున్నా; కొడుకంటేనే కదా చెయ్యి పట్టుకుని ఆపగలను." ఆమె కళ్ళు మూసుకుంది. "ఒక్క క్షణం మాత్రం... వాడు అమ్మా అన్నప్పుడు. ఒక్క క్షణం. అది నువ్వు నాకు చెయ్యకుండా ఉండాల్సింది."

*

కేసు నిలబడాలంటే అసలు ఓలవి పోయాడని తల్లి సంతకం కావాల్సి వచ్చింది. కుడిచేతికి కట్టు ఉంది కాబట్టి ఎడమచేత్తో వంకరగా చేసింది. ఆర్కైవ్స్‌లో ఆమె ముందే ఆ పేరు పక్కన నల్లసిరాతో సిలువ గుర్తు గీశారు. గీయడానికి ఎంతోసేపు పట్టలేదు.

"వీడికి తలుపు తెరిచి పెట్టాననుకున్నా ఇన్నాళ్ళూ," అంది ఆమె. "దొంగలకి తెరిచినట్టయింది."

"ఆ తలుపు చూపించింది నేను, పిన్నీ," అన్నాడు ఇల్మో. గడ్డం లేకుండా, అద్దాలు లేకుండా, మొదటిసారి సొంత ముఖంతో ఆమె ఎదుట నిలబడి చెప్పాడు. "పేరు ఇచ్చింది నేనే. ఆవు సంగతి రాసిందీ నేనే."

"తెలుసు. నీకు తప్ప ఎవరికి చెప్పాను?"

క్షమించానని ఆమె అనలేదు. అతనూ అడగలేదు.

కల్నల్ మెచ్చుకుంటూ పిలిచి మాట్లాడాడు, సెలవు ఇచ్చాడు. ఇల్మో ఆ సెలవులో ఎక్కడికీ వెళ్ళలేదు. కల్లియో పేటలో లిఫ్టు లేని నాలుగంతస్తుల మేడ పైన హిల్మా ఒక్కతే ఉంటుంది. చేతికి కట్టు ఉన్నన్నాళ్ళు పెరట్లో కట్టెలు కొట్టి పైకి మొయ్యాల్సిన పని అతను తీసుకున్నాడు. మొదటిరోజు ఆమె తలుపు సగమే తీసింది. రెండోరోజు, "బూట్లు బయట విప్పు," అంది. దానికే అతనికి ప్రాణం లేచొచ్చింది.

ఒక మధ్యాహ్నం కట్టెల మోపుతో ఎక్కుతుంటే మూడో అంతస్తు పొరుగామె ఎదురైంది.

"ఎవరమ్మా హిల్మా, ఈ కొత్త మనిషి?"

పైమెట్టు మీదనుంచి హిల్మా అందరికీ వినబడేలా చెప్పింది. "ప్రభుత్వ గూఢచారి!"

పొరుగామె ఇల్మోని కిందనుంచి పైదాకా చూసింది. చెమట, కట్టెపొట్టు అంటుకున్న స్వెటరు, వేలికి గుచ్చుకున్న పుల్ల. కడుపు పట్టుకుని నవ్వుతూ లోపలికి వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళ సర్వీసులో ఇల్మో సాల్మెలా గురించి ఒకరు బయటికి నిజం చెప్పడం అదే మొదటిసారి. ఎవరూ నమ్మలేదు.